పసుపు అద్దిన రేసు కారు

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం రేసు కారు తోక దగ్గర పాత రంగు గోకుతుంటే ఆముదం వాసన వచ్చింది.

మా కోడలు నమ్మలేదు. "అన్నేళ్ల కిందటి రంగులో ఆముదం వాసనేటత్తయ్యా! మీ తలకి రాసుకున్నదేమో సూడండి" అంది. నేను తలకి ఆముదం రాయడం మానేసి ఆవిడ వయసంత అయ్యుంటుంది. కారుని ముక్కు దగ్గరకి తీసుకుని ఇంకోసారి పీల్చాను. అదే వాసన. ఆముదం, కిరసనాయిలు, కాస్త పసుపు. లేచి గెంతాలనిపించింది. ఈ వయసులో గెంతితే మోకాళ్లు ఊరుకోవని కుర్చీలో కూర్చునే కాళ్లు ఆడించాను.

కారు మూరకి కాస్త తక్కువ పొడుగు. రేకుతో చేసింది. మూతి సాగి ఉంటుంది, నాలుగు చక్రాలూ ఒంటికి బయటే ఉంటాయి, ఒక్క మనిషి కూర్చునే చోటు, పక్కన పొగ గొట్టాలు. వెనక రెండు చక్రాలూ ముందు వాటిలా ఉండవు, ఎందుకో తర్వాత చెబుతాను. నడిపేవాడి తల నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అది కుంకుడు గింజ. ట్రంకు పెట్టెలో, పాత పట్టుచీరల కింద, ఇన్నేళ్లూ పడుకుని ఉంది. ఇంటికి సున్నాలు వేయిస్తూ పెట్టె జరిపితే బయటపడింది. పడిందంటే నాకు తెలియక కాదు. ఉందని తెలుసు, తీయడానికే రోజులు కుదరలేదు.

ఇంక ఆ రోజు నుంచీ మా అన్నాల బల్ల నాది. పాత పళ్ల బ్రష్షు, సూదులు, నూనె ఎక్కించడానికి సిరంజి, పంచాంగం చదువుకునే భూతద్దం అన్నీ అక్కడే. ఎన్నో ఏళ్లు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పినదాన్ని, చేతులు ఇంకా వణకవు. ఇంట్లో వాళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

మా అబ్బాయికీ హుషారొచ్చింది. ఫోనులో ఏవేవో చూసి, ఇలాంటి పాత కార్లని ఎలా బాగుచేస్తారో చెప్పడం మొదలెట్టాడు. మీద రంగులన్నీ తీసేయాలట, అసలు రంగు బయటపెట్టాలట. గోకిన చోట పసుపు కింద ఎరుపు, ఎరుపు కింద ఆకుపచ్చ కనిపించాయి. "అమ్మా, ఆకుపచ్చే అసలు రంగు. అదే ఏద్దాం" అన్నాడు.

"దీని అసలు రంగు పసుపు. నువ్వు పక్కకి జరుగు, ఎలుతురు పడ్డం లేదు" అన్నాను.

"పసుపు మీద పూసింది కదమ్మా?"

"పూసింది కాదురా. అద్దింది."

వాడికి అర్థం కాలేదు. అర్థం కావాలంటే మా మిల్లులోకి రావాలి.

అప్పుడు మాది రైలు స్టేషనున్న చిన్న ఊరు. నాన్న రైసుమిల్లులో అజమాయిషీ చేసేవాడు, మా మావయ్య అంటే మేనత్త మొగుడు అదే మిల్లులో ఇంజను నడిపేవాడు. రెండు కుటుంబాలూ మిల్లు ఆవరణలోనే పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లం. తెల్లారేసరికి ధాన్యం ఉడికిన ఆవిరి ఇల్లంతా పట్టేది. ఆ వాసన తగలకపోతే నాకు ఇప్పటికీ తెల్లారినట్టుండదు. ఆవరణ మధ్యలో పెద్ద గచ్చు. ఉడికిన ధాన్యం దాని మీద ఆరబోసి, ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ నడిచేవారు. ఆ వేడి గింజల మీద చెప్పుల్లేకుండా ఎంతసేపు నిలబడగలమని నేనూ బావా పందెం వేసుకునేవాళ్లం. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే రవ్వంత పెద్ద. ఆ రవ్వంతకే నా మీద పెత్తనం. పొద్దున్న చోడంబలి తాగేటప్పుడు ఉల్లిపాయ పెద్ద ముక్క ఎవరిదన్న దగ్గర మొదలయ్యే గొడవ రాత్రి పడుకునేదాకా సాగేది.

ఆ ఇంటికి రాజ్యం మా మామ్మది. నాకు నాన్న తల్లి, బావకి అమ్మ తల్లి. ఎవరి పక్షమూ వహించదు, ఇద్దరినీ సమానంగా తిడుతుంది.

నాన్న తమ్ముడు, మా చిన్నాన్న, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మా వైపు నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు చాలామందే. ఆయన వస్తే మాకు పండగ ముందే వచ్చేది. ఆ ఏడు వినాయక చవితికి దిగాడు. చేతిలో మిఠాయి పొట్లం లేదు, తువ్వాల్లో చుట్టిన మూట ఉంది. గచ్చు మీద కూర్చుని విప్పాడు. సొట్టలు పడ్డ ఆకుపచ్చ రేకు కారు! వెనక చక్రాలు లేవు, నడిపేవాడికి తల లేదు. వర్క్‌షాపులో ఆయన పై అధికారి దేశం విడిచి వెళ్తూ సామాను పంచిపెట్టేశాడట. అందరూ కుర్చీలూ బల్లలూ తీసుకుంటే మా చిన్నాన్న దీన్ని అడిగి తెచ్చుకున్నాడు.

"ఏటిది, మూతి ఇలగున్నాది? పందికొక్కులాగ" అంది మామ్మ.

"రేసు కారమ్మా ఇది. పందెం కారు. ఆట బొమ్మనుకుంతన్నావా? అసలు కారుకి కొలతలు తీసి, అన్నీ ఒకే లెక్కన తగ్గించి సేసినారు. పెద్ద కార్లో ఏది ఏడ ఉంటాదో ఇందులోనూ ఆడే ఉంటాది." చిన్నాన్న జేబులోంచి ఇత్తడి కీ తీశాడు. సీతాకోకచిలకలా రెండు రెక్కలున్న కీ. పక్కనున్న బొక్కలో పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు. బావ లాక్కుని పళ్లతో పట్టుకుని తిప్పాడు. అప్పుడూ కదల్లేదు, ఒక రెక్క మీద బావ పంటి గాటు మాత్రం పడింది.

"స్ప్రింగు బిగిసిపోనాది" అన్నాడు చిన్నాన్న. మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వాడు. "దసరాకి మళ్లీ వస్తాను. ఈ గచ్చు ఈ కొస నుంచి ఆ కొసకి ఎవులు నడిపిస్తే కారు ఆళ్లది. సరేనా?"

సరేనా అంటే ఏం చెప్పను! నాకు నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు. అంతకుముందు నాదంటూ ఒక్క వస్తువు లేదు. గౌనులు అక్కలవి, పలక అన్నయ్యది. ఇది నాది కావాలి. నాదే కావాలి. బావ కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడని వాడి కళ్లు చూస్తే తెలిసిపోయేది.

చిక్కేమిటంటే, ఒకరి సాయం లేకుండా ఇంకొకరికి పని జరగదు. ఇంజను గదిలోకి బావని రానిస్తారు, నన్ను రానివ్వరు. కిరసనాయిలూ, స్క్రూలు తిప్పే సామానూ వాడి చేతిలో ఉన్నాయి. వంటింట్లోకి, మామ్మ పెట్టె దగ్గరకి నేను పోగలను, వాడిని చూస్తేనే మామ్మ కర్ర తీస్తుంది. కాబట్టి కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నాం. కారు ఎవరిదో చివర్లో తేల్చుకుందామని మాత్రం పళ్లు బిగించి చెప్పుకున్నాం.

కారుని కిరసనాయిలు డబ్బాలో ముంచి ఇంజను గది అటక మీద దాచాడు బావ. రోజూ బడి నుంచి వచ్చి చూసేవాడు, నేను గుమ్మం బయట నిలబడి "కదిలిందా? కదిలిందా?" అని అరిచేదాన్ని. కదల్లేదు. మళ్లీ మర్నాడు. ఒకరోజు సాయంత్రం లోపల నుంచి కిర్రుమని చిన్న చప్పుడు. తర్వాత బావ కేక. నన్ను రానివ్వని గదిలోకి దూసుకుపోయాను, మావయ్య నన్ను తిట్టడం కూడా మరిచిపోయి తనూ వంగి చూస్తున్నాడు. ఇరుసు తిరుగుతోంది! చక్రాల్లేని ఇరుసు గాల్లో గిర్రున తిరుగుతోంది!

అప్పుడు చక్రాల వేట. మూతలు కావాలి, గుండ్రంగా ఉండాలి, రెండూ ఒకే కొలత. ఇల్లంతా వెతికితే మామ్మ తలనొప్పి బామ్ డబ్బాల మూతలు సరిగ్గా సరిపోతాయనిపించింది. ఒక డబ్బా ఖాళీ. రెండోది నిండుగా ఉంది. మూత మాత్రం తీసేస్తే మందు ఎండిపోయి మామ్మకి తెలిసిపోతుంది. ఆలోచించి ఆలోచించి, మందు అయిపోతే డబ్బాతో పని ఉండదు కదా అన్నాను. బావ చొక్కా విప్పి కూర్చున్నాడు. వీపు, పొట్ట, చేతులు, చెవుల వెనక, ఒక్క చుక్క మిగలకుండా రాసేశాను. కాసేపటికి వాడు చలి చలి అని వణికాడు, ఆ వెంటనే మంట మంట అని గచ్చు చుట్టూ పరిగెత్తాడు. కళ్లమ్మట నీళ్లు ధారలు. ధాన్యం తొక్కే ఆడవాళ్లు ముక్కులు మూసుకుని పకపకా నవ్వారు.

"ఏటా వాసన? ఎవులికి తలనొప్పి?" అంటూ మామ్మ వచ్చింది.

"బావకి" అన్నాను.

"నడుం కాడేటే తల?" అని బావని నూతి దగ్గరకి ఈడ్చుకుపోయి శనగపిండితో తోమింది. అయినా వాడు బడిలో కూర్చున్న బెంచీ కొన్నాళ్లపాటు బామ్ వాసన వేసింది. మూతలు మాత్రం నా గౌను జేబులో ఉన్నాయి.

తెగిపోయిన హవాయి చెప్పు రబ్బరు కోసి మూతల చుట్టూ తొడిగాం. ముందు చక్రాలకి సన్నటి పుల్లలుండేవి, వీటికీ ఉండాలని నేను పట్టుబట్టాను. పెద్ద కార్లో ఉన్నవన్నీ ఉండాలని చిన్నాన్న చెప్పాడు మరి. పాత సైకిలు బ్రేకు వైరు పాయలు విడదీసి, లక్క కరిగించి, మూతల మీద ఒక్కొక్కటీ అంటించాను. వేళ్లు కాలాయి. తల అంటుకునే రోజు మామ్మ కుంకుడుకాయలు కొడుతుంటే గింజ ఒకటి ఎగిరి నా ఒళ్లో పడింది. నల్లగా మెరుస్తోంది. "డైవరు దొరికీసినాడు!" అని అరుచుకుంటూ తడి జుట్టుతో పరిగెత్తాను.

దసరా దగ్గరపడింది. ఇంక రంగు. మిల్లు చక్రాలకి వేసే ఎర్ర రంగు డబ్బా అడుగున కొంచెం గడ్డకట్టి ఉంది.

"ఇది ఆయిలు పెయింటు. పలసన సేయాలంటే ఆయిలు పొయ్యాల" అన్నాడు బావ, ఎంతో తెలిసినవాడిలా.

"ఏ ఆయిలు?"

"ఏదైతేనేటి? ఆయిలు ఆయిలే."

మా ఇంట్లో ఆయిలంటే ఆముదం. తలకి అదే, దీపానికి అదే, కడుపునొప్పికి అదే. గిన్నెడు తెచ్చి పోశాను. రంగు ఎంత బాగా కలిసిందో! వెన్నలా జారింది. కారంతా ఎర్రగా పూసి, మెరుస్తుంటే ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు ముట్టుకుంటే వేలికి అంటింది. ఆ మర్నాడు కూడా. ఎండలో పెట్టాం, ఆరలేదు. వేడి ధాన్యం పక్కన పెడితే ఆరుతుందని గచ్చు మీద పెట్టాం. సాయంత్రం గాలి లేచింది. మిల్లులో ఊకంతా ఎగిరొచ్చి కారుకి అంటుకుంది. కారు కనపడలేదు, బొచ్చు మొలిచిన ఎలుకేదో కూర్చున్నట్టుంది. తెల్లారితే దసరా, పొద్దున్న పాసింజరుకి చిన్నాన్న దిగుతాడు. నేను గచ్చు మీద కూలబడి ఏడుపు లంకించుకున్నాను. బావ నీ ఆముదం వల్లే అన్నాడు, నేను నీ సలహా వల్లే అన్నాను, జుట్లు పట్టుకున్నాం.

మామ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ విడదీసింది. కారుని ఎత్తి చూసింది. వేలితో నొక్కింది.

"ఓలమ్మ, ఇంతేనేటి! అంటుకుంతాంటే పొడి అద్దాల గానీ ఏడుస్తారేటి? అప్పడాలు సేసినప్పుడు నానేటి సేస్తాను?"

పీట వేసుకుని కూర్చుంది. ముందు తడిగుడ్డతో ఊకంతా ఓపిగ్గా తుడిచింది. తర్వాత, మర్నాడు పూజకని కొట్టి ఉంచిన పసుపు చేట దగ్గరకి లాక్కుంది. చేత్తో పిడికెడు తీసి కారు వీపు మీద చల్లి, అప్పడాల పిండికి అద్దినట్టే, అరచేత్తో మెల్లగా అద్దుతూ పోయింది. మూతి, పొట్ట, పొగ గొట్టాలు, తోక. జిగురంతా పసుపు తాగేసింది. ఆవిడ చెయ్యి తీసేసరికి కారు చేతికి అంటడం మానేసింది! ఎరుపు అణిగి, మామిడిపండు రంగు లాంటి పసుపు తేలింది. కారుకి రంగూ అయింది, పూజా అయింది. కుంకుడు గింజ తలకి బొట్టు పెట్టి, "ఇంక ఎల్లండి, బేగి తిని పడుకోండి" అంది.

ఆవిడని పట్టుకుని ఊపేశాను. పసుపు చేట తిరగబడింది, దానికి మళ్లీ తిట్లు.

మర్నాడు మిల్లు ఇంజనుకి, తక్కెళ్లకి, మావయ్య స్పానర్లకి బొట్లు పెట్టి పూజ చేశారు. చివర్లో మా కారుకి హారతి. చిన్నాన్న దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. "ఇదేటి రంగురా!" అని, తర్వాత బామ్ డబ్బా మూతలు తిప్పి చూసి, పుల్లల మీద వేలు రాసి, "ఓరి మీ దుంప తెగ!" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

గచ్చు మీద ధాన్యం పక్కకి లాగి దారి చేశారు. ఇటు కొస ఇంజను గది గోడ, అటు కొస ధాన్యం కుప్ప. పనివాళ్లంతా రెండు వైపులా నిలబడ్డారు. బావ కీ తిప్పుతున్నాడు, నేను చక్రాలు కదలకుండా పట్టుకున్నాను. కిర్రు కిర్రు కిర్రు.

"ఒగ్గీ!" అన్నాడు చిన్నాన్న.

వదిలాను. ఒక్క క్షణం అక్కడే ఆలోచించినట్టు నిలబడి, ఒక్కసారిగా దూకింది. ఏం పరుగు! వెనకాల పసుపు పొగలా లేస్తోంది. మూతి కొంచెం ఎడమకి లాగింది, "ఇటు, ఇటు!" అని అరుస్తూ నేను ఒక పక్క, బావ ఒక పక్క పరిగెత్తాం. మధ్యలో గచ్చు పగులు దగ్గర ఎగిరింది, పడింది, ఆగుతుందేమో అనుకున్నాను. ఆగలేదు. తిన్నగా పోయి ధాన్యం కుప్పలో మూతి దూర్చేసింది. తోక ఒక్కటే బయట ఉంది, వెనక చక్రాలు ఇంకా తిరుగుతూ గింజల్ని వెనక్కి చిమ్ముతున్నాయి. ఒరిస్సా వైపు నుంచి పనికొచ్చిన ముసలావిడ ఒకామె నాలుక ఆడిస్తూ ఉలూలూ అని మంగళధ్వని చేసింది, పెళ్లిలో చేసినట్టు. అందరూ చప్పట్లు.

నేనూ బావా ఒకేసారి కుప్ప మీద పడ్డాం. నేను మూతి పట్టుకున్నాను, వాడు తోక పట్టుకున్నాడు.

"నాది! సక్రాలు నాను ఏసినాను!"

"నాది! స్ప్రింగు కదలకపోతే నీ సక్రాలు ఏటి సేసుకుంతావే?"

చిన్నాన్న ఇద్దరినీ చెరో చేత్తో లేపాడు. కారు నా చేతిలో పెట్టాడు. నేను గెంతబోయేంతలో కీ ఊడదీసి బావ చేతిలో పెట్టాడు.

"కారు దీనిది. కీ నీది. ఇద్దరూ కలిస్తే నడుస్తాది. లేకపోతే లేదు. ఇంకేటన్నా గొడవుందా?"

గొడవెందుకు లేదు! ఆ రోజు సాయంత్రం వరకూ ఇద్దరం మూతులు ముడుచుకున్నాం. చీకటి పడేవేళకి బావే వచ్చి, మొలతాడుకి కట్టిన కీ చూపించి, "నడుపుదామేటే?" అన్నాడు. దీపావళి దాకా రోజూ నడిపాం.

దీపావళి వెళ్లగానే మావయ్యకి పాతపట్నం మిల్లులో పని దొరికింది. బండి మీద సామాను ఎక్కించారు, సామాను మీద బావ ఎక్కాడు. నేను కారు చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. "కీ ఇచ్చి పోరా" అని నేననలేదు. "కారు ఇచ్చీవే" అని వాడూ అనలేదు. ఎవరి వాటా వాళ్లది. వాడు చొక్కా ఎత్తి మొలతాడు చూపించాడు. అంతే. ఆ తర్వాత కారు మళ్లీ నడవలేదు.

పెళ్లిళ్లలో, చావుల్లో, ఎప్పుడు కలిసినా మా పలకరింపు ఒకటే. "కీ ఉందా బావా?" "ఎందుకుండదు? బద్రంగా ఉన్నాది. కారుందా?" "ట్రంకులో ఉంది." "అయితే వస్తాను ఒకరోజు." ఆ ఒకరోజు రాలేదు. పిల్లలు పుట్టారు, ఉద్యోగాలు, ఊళ్లు మారడాలు. మామ్మ పోయింది, చిన్నాన్న పోయాడు. మిల్లు పడగొట్టి పెళ్లిళ్ల హాలు కట్టారు. నేను అక్కడ ఒక పెళ్లికి వెళ్లాను కూడా. మా గచ్చు ఉన్నచోట బండ్లు పెడుతున్నారు. కాళ్లతో తడిమి చూశాను, కొస ఏదో తెలియలేదు.

ఈ నెలంతా నేను ఎంత సంబరంగా ఉన్నానో చెప్పలేను. పొద్దున్న కాఫీ చల్లారిపోయేది. స్ప్రింగుని మళ్లీ కిరసనాయిల్లో నానబెట్టాను. రబ్బరు ఎండి పగిలిపోయింది, మా అబ్బాయి కొత్త హవాయి చెప్పులు కనబడ్డాయి, వాడు ఆఫీసులో ఉండగా కోసేశాను. బ్రేకు వైరు పుల్లలు లక్కలో ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఊడినవి రెండో మూడో మళ్లీ అంటించాను, ఇప్పుడూ వేళ్లు కాలాయి. సొట్టలు చెంచా వెనక భాగంతో లోపల నుంచి తట్టి తీశాను. పొగ గొట్టాల సందుల్లో ఎండ తగలక మిగిలిన మామ్మ పసుపుని మాత్రం ముట్టుకోలేదు. వెలిసిన చోటల్లా ఎర్ర రంగు తెప్పించి, గిన్నెలో ఆముదం పోసి కలిపాను. కోడలు తల పట్టుకుంది. "ఆరదత్తయ్యా!" అంది. "ఆరకూడదు" అన్నాను. పసుపు చేట తెచ్చుకుని, పీట వేసుకుని, మామ్మ కూర్చున్నట్టే కూర్చుని అద్దాను. నా చెయ్యి నా చెయ్యిలా కనబడలేదు. ఏడ్చానని ఒప్పుకుంటాను, కానీ అది సంతోషంతోనే.

"కీ సంగతేటమ్మా? లేతు పనివాడికి చూపిస్తే పూటలో చేసిస్తాడు" అన్నాడు అబ్బాయి.

"కొత్తది ఎందుకు? కీ బావ దగ్గర ఉంది" అని ఫోను చేశాను. "బావా! కారు తయారు. కీ పట్టుకుని రా!"

"ఇప్పుడేటే... మోకాలు బాగోలేదు" అన్నాడు. మళ్లీ చేస్తే వానలన్నాడు. ఆ తర్వాత మనవరాలి పరీక్షలన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈలోగా ఒకరోజు కారు కీ బొక్కలో గోధుమపిండి ముద్ద ఎండి కనబడింది. మా మనవరాలి చెవి మెలిపెట్టాను. "నేను కాదు నాన్నమ్మా!" అని అది లబోదిబోమంది. కోడలు వంటింట్లోంచి తొంగి చూసి గబుక్కున లోపలికి పోయింది.

పోయిన ఆదివారం మా వీధిలో, అరసవల్లి గుడి దర్శనానికి జనం దిగే ఆటోల్లో ఒకదాంట్లోంచి బావ దిగాడు, చేతిలో జీడిపప్పు సంచీతో. నడుం కొంచెం వంగింది, చూపులో పెత్తనం మాత్రం అలాగే ఉంది. కారుని చూడగానే సంచీ ఎక్కడో పెట్టేసి, రెండు చేతులూ పంచెకి తుడుచుకుని ఎత్తుకున్నాడు. మూతలు తిప్పాడు. వాసన చూశాడు. "ఆవదం!" అని నా వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. మనవరాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కీ తియ్యి" అన్నాను.

జేబులోంచి తీశాడు. సీతాకోకచిలక రెక్కల ఇత్తడి కీ. తళతళ మెరుస్తోంది, చింతపండు పెట్టి తోమిన వాసన. రెండు రెక్కలూ తిన్నగా, నున్నగా ఉన్నాయి. భూతద్దం పెట్టి ఇటూ అటూ తిప్పి చూశాను.

"నీ పంటి గాటేది బావా?"

బావ ఫ్యాను వైపు చూశాడు. "అరిగిపోనాది కాబోలు."

"గోధుమపిండి ముద్దలో కొలత తీసుకుంటే అరిగిపోతుందా?"

వంటింట్లో గిన్నె జారిన చప్పుడు. మా కోడలు ఇంక బయటికి రాలేదు.

బావ కుర్చీలో కూలబడ్డాడు. "పోనాదే" అన్నాడు. "ఆ ఏడే పోనాది. ఏట్లో తానం సేస్తంటే మొలతాడు తెగిపోనాది. పొద్దుగుంకేదాకా మునిగి ఎతికినాను. దొరకనేదు."

"మరి ఇన్నేళ్లూ ఉన్నాది ఉన్నాది అన్నావు?"

"కీ పోనాదంటే ఆ కార్లో నాకింకేటి వాటా ఉంటాది? నువ్వు ఇంకోటి సేయించుకుందువు. మరి నన్నెవులు రమ్మంతారే?" పంచె కొసతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు ఫోను సేసినప్పుడు బయమేసినాది. అందుకే కొలత తీసి పంపమని మీ కోడల్ని బతిమాలినాను. ఇత్తడి పనోడి పక్కన కూకుని మరీ సేయించినాను."

నాకు ఎంత కోపం రావాలి! రాలేదు. ఈ మనిషి ఇన్నేళ్లు, లేని కీని భద్రంగా దాచుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఆయనకీ అంతే.

"లే, మేడ మీదకి పద" అన్నాను.

మా డాబా మీద బట్టల తీగలు పక్కకి లాగించాం. ఇటు కొస నీళ్ల ట్యాంకు, అటు కొస పిట్టగోడ. బావ కీ తిప్పాడు, నేను చక్రాలు పట్టుకున్నాను. కిర్రు కిర్రు కిర్రు. స్ప్రింగు ఎక్కడ తెగుతుందోనని అందరం కీ వైపే చూస్తున్నాం, అబ్బాయి ఫోను పట్టుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఒగ్గీ!" అన్నాడు బావ. అచ్చం చిన్నాన్న గొంతు.

వదిలాను. ఒక్క క్షణం నిలబడింది. దూకింది! వెనకాల పసుపు లేచింది. మూతి ఎడమకి లాగింది, ఇప్పుడూ ఎడమకే! "ఇటు, ఇటు!" అని అరుస్తూ బావ పంచె ఎగగట్టి పరిగెత్తాడు, బాగోలేని మోకాలు ఏమైందో మరి. నేనూ పరిగెత్తాను. మనవరాలు మా ఇద్దరినీ దాటేసి పిట్టగోడ దగ్గర కారుని పట్టుకుంది, చేతుల నిండా పసుపు చేసుకుని.

కింద కాఫీలు తాగాం. బస్సు వేళయింది. వెళ్లేముందు బావ కీ నా ముందు బల్ల మీద పెట్టాడు. "నాను పారేసుకున్నవోణ్ని. ఇంక ఇది కూడా నీదేనే" అన్నాడు.

నేను లేచి, నా జాకెట్టుకున్న పిన్నీసు తీసి, కీని ఆయన చొక్కా జేబుకి లోపలి వైపు నుంచి గుచ్చి, రెండుసార్లు లాగి చూశాను.

"వచ్చే ఆదివారం మళ్లీ నడపాలి. ఏట్లో దిగేముందు చొక్కా విప్పి గట్టు మీద పెట్టు" అన్నాను.